సూది వద్దనే హక్కు మాకుందా? గొలుగొండ తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు

గొలుగొండ మండలంలో బిడ్డకి ఒళ్లు వెచ్చబడితే ఇంట్లోవాళ్లకి మూడు దారులు కనిపిస్తాయి: ఊళ్లో ఆర్‌ఎంపీ, సెంటర్‌లో మెడికల్ షాపు, ఆటో కట్టించుకుని వెళ్తే నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి. మొదటి రెండిటికీ ఓపీ చీటీ అక్కర్లేదు, లైన్లో నిలబడక్కర్లేదు. అందుకే బిడ్డ వైద్యంలో సగం నిర్ణయాలు అక్కడే, నిలబడి ఉన్నపాటునే అయిపోతాయి. ఏ మందు వేస్తున్నారో అడిగేవాళ్లు తక్కువ. అడగొచ్చని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

పిల్లల డాక్టరుగా నాకున్న ఫిర్యాదు ఒకటుంది. ‘మాకొద్దు’ అనే హక్కును మనవాళ్లు టీకాల దగ్గర బాగానే వాడతారు. జలుబుకి ఎక్కించే సెలైన్ దగ్గర, పేరు చెప్పకుండా పొడిచే సూది దగ్గర మాత్రం నోరు పెగలదు. కింది ప్రశ్నలన్నీ ఓపీలో తల్లులు, అమ్మమ్మలు అడిగేవే. జవాబుల్లో చట్టం ఉంది, వైద్యం ఉంది, అక్కడక్కడా నా అభిప్రాయమూ ఉంది.

టీకా వేయించకపోతే కేసు పెడతారా? రేషన్, పథకాలు ఆపేస్తారా?

కేసు పెట్టరు. పిల్లల టీకాలను తప్పనిసరి చేసి, వేయించని తల్లిదండ్రులను శిక్షించే కేంద్ర చట్టం ఏదీ ఇప్పుడు అమల్లో లేదు. 2022 మే 2న సుప్రీంకోర్టు జాకబ్ పులియెల్ కేసులో ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదనీ, తన శరీరం మీద తనకుండే అధికారం రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమనీ చెప్పింది. అది కోవిడ్ టీకాల గురించి వచ్చిన తీర్పు. కేసు వేసిన పులియెల్ కూడా పిల్లల డాక్టరే. అదే తీర్పులో, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని కూడా కోర్టు అంది. వాట్సాప్‌లో తిరిగే ముక్కలో ఈ రెండో సగం ఉండదు. ఏఎన్‌ఎం గానీ ఆశా గానీ ‘టీకా లేకపోతే రేషన్ ఆగిపోద్ది’ అని బెదిరించడం సరికాదు. అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెప్పాలి.

ఇది చట్టం మాట. వైద్యం మాట వేరు. ‘ఊళ్లో అందరూ వేయించుకున్నారు కదా, మావాడికి ఎక్కడ్నుంచి వస్తుంది’ అంటారు కొందరు. పొంగు విషయంలో ఆ ధీమా కొంతవరకే నిలుస్తుంది. ధనుర్వాతం విషయంలో అసలు నిలవదు. అది పక్క పిల్లాడి నుంచి రాదు, మట్టిలోంచి వస్తుంది. చెప్పుల్లేకుండా జీడితోటల్లో తిరిగే పిల్లాడికి ఊరంతటి టీకాలూ కలిపినా రక్షణ ఇవ్వవు.

తొమ్మిదో నెల టీకా తప్పిపోయింది. మళ్లీ మొదట్నుంచీ వేయించాలా?

అక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగిస్తారు. పడిన డోసు వృథా కాదు. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేసే ఐదు జబ్బుల టీకా (పెంటావాలెంట్) ఏడాది లోపు ఒక్క డోసైనా మొదలై ఉంటే మిగతావి తర్వాత పూర్తి చేస్తారు. అసలు మొదలే కాకుండా ఏడాది దాటితే దాని బదులు డీపీటీ వేస్తారు. బీసీజీ మొదటి పుట్టినరోజు దాకా, పొంగు-రుబెల్లా టీకా ఐదేళ్ల దాకా వేయించుకోవచ్చు. మెదడువాపు టీకా అన్ని జిల్లాల్లోనూ ఇవ్వరు, మీ ఊరికి ఉందో లేదో ఏఎన్‌ఎంని అడగండి.

బీసీజీ మచ్చ పడలేదని కంగారుపడి మళ్లీ వేయించమనేవాళ్లు చాలామంది. మచ్చ లేకపోయినా మళ్లీ వేయించనక్కర్లేదు. తొమ్మిదో నెలలో మొదలుపెట్టి ఐదేళ్ల దాకా తొమ్మిదిసార్లు ఇచ్చే విటమిన్ ఏ ద్రావణం మాత్రం జనం మరిచిపోతారు. ఏడాదిన్నర దాటాక సూదులు తగ్గుతాయి, వాటితో పాటే కార్డూ అటకెక్కుతుంది. దాన్ని పారేయకండి. బడిలో చేరేటప్పుడు, ఐదారేళ్లకి వేసే డీపీటీ బూస్టర్ దగ్గర, పదేళ్లకీ పదహారేళ్లకీ వేసే టీడీ దగ్గర అది మళ్లీ పనికొస్తుంది.

మాది కొయ్యూరు వైపు ఊరు, ఇప్పుడు అల్లూరి జిల్లా. గొలుగొండలో టీకా వేస్తారా? ఆధార్ లేదు.

వేయాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి అటు అల్లూరి సీతారామరాజు జిల్లా, ఇటు అనకాపల్లి జిల్లా అయ్యాయి గానీ, సార్వత్రిక టీకా కార్యక్రమానికి జిల్లా గట్టు లేదు. దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా ఏ బిడ్డకైనా ఉచితం. పనుల కోసం కృష్ణదేవిపేటలో ఉంటున్నా, పుట్టింటికి వచ్చి ఉన్నా అంతే. కార్డు వెంట ఉంటే చాలు. టీకాల ఆన్‌లైన్ నమోదు యూ-విన్‌లో పేరు ఎక్కి ఉంటే ఇంకా మంచిది, పాత డోసులు అందులో కనిపిస్తాయి. ఆధార్ లేకపోవడం టీకా నిరాకరించడానికి కారణం కాకూడదు. మన దగ్గర టీకా రోజులు సాధారణంగా బుధ, శనివారాలు.

గవర్నమెంటు సూదికి జ్వరం వస్తుంది. ప్రైవేటులో నొప్పిలేని సూది ఉందట, డబ్బు పెడితే మంచిదా?

ప్రభుత్వ టీకాకి జ్వరం వచ్చేది అందులోని కోరింతదగ్గు భాగం వల్ల. అందులో చంపేసిన సూక్ష్మజీవి మొత్తంగా ఉంటుంది. ‘నొప్పిలేని’ దాంట్లో కొన్ని ముక్కలే ఉంటాయి కాబట్టి జ్వరం తక్కువ, కాపుదల కూడా తొందరగా సన్నగిల్లుతుంది. మొదటి మూడు డోసులకు ప్రభుత్వం వాడే రకమే మెరుగని మా పిల్లల డాక్టర్ల సంఘం సిఫార్సు. ఒకటి రెండు రోజుల జ్వరం తప్పించడానికి వేల రూపాయలు పెట్టక్కర్లేదు. పెట్టే స్తోమత ఉంటే ఉచిత జాబితాలో లేని టైఫాయిడ్ టీకాకి పెట్టండి.

విరేచనాలకు చుక్కలుగా పోసే రోటావైరస్ టీకా ఒకప్పుడు డబ్బున్నవాళ్ల టీకా. 2016లో దాన్ని ఉచిత జాబితాలో చేర్చినప్పుడు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకాల్లో ఒకటైన రోటావ్యాక్ తయారైంది హైదరాబాద్‌లోనే.

కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో పనికెళ్లారు. మనవడు నా దగ్గరే ఉంటాడు. ఆస్పత్రిలో నా సంతకం చెల్లుతుందా?

ఈ మండలంలో ఇది చాలా ఇళ్ల ప్రశ్న. చట్టం అమ్మమ్మలకీ నాయనమ్మలకీ అనుకున్నంత ప్రతికూలంగా లేదు. భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో సంరక్షకుల సమ్మతినే కాదు, బిడ్డను చట్టబద్ధంగా తమ దగ్గర ఉంచుకున్నవారి సమ్మతిని కూడా గుర్తిస్తుంది. తల్లిదండ్రులే మీకు అప్పగించి వెళ్లారు కాబట్టి మీరు ఆ కోవలోకి వస్తారు. టీకా, జ్వరానికి మందు, రక్తపరీక్ష, గాయానికి కుట్లు వంటివాటికి మీరు ‘సరే’ అంటే చాలు.

ప్రాణం మీదికి వచ్చి, అడగడానికి ఎవరూ దొరక్కపోతే, డాక్టరు సదుద్దేశంతో ఎవరి సంతకమూ లేకుండానే వైద్యం చేయొచ్చు. 30వ సెక్షన్ అదే చెబుతుంది. ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్ దగ్గర మాత్రం ఆస్పత్రివాళ్లు తల్లినో తండ్రినో రమ్మంటారు, అది సమంజసమే. వెళ్లేముందు కొడుకు చేత తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాయించి, సంతకం, ఫోన్ నంబరు, ఆధార్ నకలు కలిపి ఉంచుకోండి. పిల్లాడికి పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు కూడా అందులోనే రాయించండి. సంతకం కంటే ఎక్కువసార్లు అక్కరకొచ్చేది ఆ ఆఖరి లైనే.

తండ్రి ఊళ్లో లేడని తల్లి సంతకం చెల్లదనేవాళ్లు ఇంకా ఉన్నారు. అమ్మ కూడా సహజ సంరక్షకురాలేనని 1999లోనే గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

జ్వరానికి సిరప్ ఎంత పోయాలి? షాపతను ‘ఒక మూత’ అన్నాడు.

మూత కొలత కాదు. పారాసెటమాల్ మోతాదును బిడ్డ బరువును బట్టి లెక్క కడతారు, వయసును బట్టి కాదు: కిలోకి 15 మిల్లీగ్రాములు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. రోజుకు నాలుగుసార్లు మించకూడదు.

ఇప్పుడు సీసా చేతిలోకి తీసుకుని చూడండి. పేరు కింద చిన్న అక్షరాల్లో ‘5 ఎంఎల్‌లో 125 ఎంజీ’ అనో, ‘5 ఎంఎల్‌లో 250 ఎంజీ’ అనో ఉంటుంది. అట్టపెట్టె రంగు ఒకటే, పండు బొమ్మ ఒకటే, లోపలి మందు మాత్రం రెట్టింపు. పది కిలోల బిడ్డకు కావలసింది 150 మిల్లీగ్రాములు. 125 సీసాలోంచైతే 6 ఎంఎల్, 250 సీసాలోంచైతే 3 ఎంఎల్. చంటిపిల్లల డ్రాప్స్ మరీ చిక్కనివి, ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములుంటాయి. ఆ బిడ్డకే ఒకటిన్నర ఎంఎల్ చాలు. డ్రాప్స్ సీసాలోంచి చెంచాడు పోస్తే ఏమవుతుందో మీరే లెక్క కట్టండి. అందుకే అంగన్‌వాడీలో తూకం వేయించినప్పుడు బరువు గుర్తుపెట్టుకోండి, ఫోన్లో రాసుకున్నా సరే. ఏ డాక్టరైనా బరువు చూడకుండా సిరప్ రాస్తుంటే ‘తూచరా అండీ’ అని అడగడం మీ హక్కు. కోపగించుకునేవాళ్లు కోపగించుకోనీండి.

ఇంకో మాట. మనది కొండవార ప్రాంతం. జ్వరమంటే మలేరియా పరీక్ష చేయించాల్సిందే. ఆశా దగ్గర వేలి చుక్కతో చేసే పరీక్ష ఉచితం, ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. పన్నెండేళ్ల లోపువాళ్లకు నిమెసులైడ్ 2011 నుంచి నిషేధం. షాపులో చేతికిస్తే వెనక్కి ఇచ్చేయండి. రెండు నెలల లోపు పసికందుకు జ్వరమొచ్చినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం మానినా ఇంట్లో మందు వేసి చూద్దామనుకోవద్దు. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఆర్‌ఎంపీ సూది వేస్తే సాయంత్రానికి లేచి ఆడుకుంటాడు. తప్పేంటి?

చాలా జ్వరాలు వైరస్‌వి, మూడు నాలుగు రోజుల్లో వాటంతటవే దిగుతాయి. రెండో రోజు సాయంత్రం వేసిన సూదికి మూడో రోజు ఉదయం పేరొస్తుంది. నీరసం తగ్గి హుషారు రావడం వెనక తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. పిరుదు మీద తప్పుచోట పొడిస్తే నరం దెబ్బతిని కాలు ఈడ్చే పిల్లలున్నారు. పెద్దల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూదిని పిల్లల జ్వరానికి పొడిచేవాళ్లూ ఉన్నారు.

నియమం ఇది. రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019, 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఆ చట్టం ఊళ్లలో ఎంతవరకు అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది అతనొక్కడే అన్న వాస్తవాన్ని నేనూ కాదనను. కాబట్టి కనీసం ఇది చేయండి. సూది తీయగానే ‘మందు పేరేంటి, దేనికి, నోటి ద్వారా ఇవ్వడానికి లేదా?’ అని మూడు మాటలు అడగండి. ఖాళీ ఆంపూల్ అడిగి తీసుకుని జేబులో వేసుకోండి. తర్వాత బిడ్డను మా దగ్గరికి తెస్తే, కాగితం లేకపోయినా ఆ గాజుముక్క మీది పేరు చూసి ఏం వేశారో తెలుసుకుంటాం. పేరు చెప్పను అన్నవాడితో సూది వేయించుకోవద్దు. ఏం చేస్తున్నారో, ఎందుకో, వేరే మార్గం ఉందో లేదో తెలిశాక ఇచ్చినదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పెద్ద ఆస్పత్రికి ఎంత వర్తిస్తుందో చిన్న గదికీ అంతే.

విరేచనాలకి ఓఆర్‌ఎస్ డబ్బా తెచ్చాం, పిల్లాడు ఇష్టంగా తాగాడు. ఇంకా తగ్గలేదేం?

ఇష్టంగా తాగాడంటే అది ఓఆర్‌ఎస్ కాకపోయి ఉండొచ్చు. అసలైన ఓఆర్‌ఎస్ కన్నీళ్ల రుచిలో ఉంటుంది. లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మిగతావి పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. పేగు ఉప్పును లాక్కోవడానికి గ్లూకోజ్ తోడు కావాలి, వాటి వెంట నీరు వస్తుంది. ఆ పాళ్లు తప్పి చక్కెర ఎక్కువైతే నీరు ఎదురు పేగులోకే పోయి విరేచనం పెరుగుతుంది.

పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని, లోపల పళ్లరసంలా తియ్యగా ఉండే డబ్బాలు ఏళ్ల తరబడి మెడికల్ షాపుల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద సుమారు ఎనిమిదేళ్లు పోరాడారు. వీడియోలు చేశారు, అధికారులకు రాశారు, 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం కాదు’ అని పక్కన చిన్న అక్షరాల్లో రాసుకుంటే చాలని అదే ఏడాది అనుమతి వచ్చింది. చదువు రాని తల్లికి ఆ చిన్న అక్షరాలు ఎందుకు? చివరికి 2025 అక్టోబర్ మధ్యలో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ అనుమతులను వెనక్కి తీసుకుంది. పేరుకు ముందైనా వెనకైనా ఓఆర్‌ఎస్ అనే మాట పానీయాల మీద ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాయి, ఆ నెలాఖరుకు కోర్టు ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోనంది. ఇప్పటికీ షాపులో అలాంటి డబ్బా కనిపిస్తే ఫిర్యాదు చేయొచ్చు.

అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో, ఆశా దగ్గర ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉచితం. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. గ్లాసుకి చెంచా చొప్పున కాదు. 200 ఎంఎల్‌కి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, కలిపేముందు చూసుకోండి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 ఎంఎల్, చెంచాతో నెమ్మదిగా పట్టండి. దీనితో పాటు జింక్ 14 రోజులు: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10. విరేచనాలు ఆగాయని మధ్యలో మానకండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచిన నీటికి గీటుగా ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. అనకాపల్లి బెల్లం మీద ప్రేమ ఉండొచ్చు గానీ, ఇక్కడ కొలత తెలిసిన పంచదారే వాడండి. తల్లిపాలు ఆపకూడదు.

ఇక సెలైన్. బిడ్డ కళ్లు లోతుకుపోయి, మత్తుగా ఉండి, తాగలేకపోతే అది ప్రాణం నిలుపుతుంది. తాగగలిగే బిడ్డకు సెలైన్ అక్కర్లేదు. ‘ఓఆర్‌ఎస్ పట్టి చూడొచ్చా?’ అని అడగండి. అడిగినందుకు డాక్టరుకి చిన్నతనం కాదు.

దగ్గు మందు పోయొచ్చా?

రెండేళ్ల లోపు వద్దు, ఐదేళ్ల లోపు సాధారణంగా అక్కర్లేదు. ఇది 2025 అక్టోబర్ 3న కేంద్ర ఆరోగ్య సేవల విభాగం ఇచ్చిన సూచన. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కాంచీపురంలో తయారైన కోల్డ్రిఫ్ సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయిన సందర్భం అది. ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం తేలింది. అంతకుముందే, 2023 డిసెంబర్‌లో, క్లోర్‌ఫెనిరమిన్-ఫెనైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపువాళ్లకు వాడకూడదని సీసా మీద రాయాలన్నారు. ఏడాది దాటిన బిడ్డకు చెంచా తేనె చాలు. ఏడాది లోపు తేనె నాకించకండి, పుట్టగానే అసలు వద్దు. దగ్గుతో పాటు డొక్కలు ఎగరేస్తుంటే, ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే న్యుమోనియా అనుకుని బయల్దేరండి. 108కి ఫోన్ చేయండి, అది ఉచితం.

పోయినసారి చీటీ మీదే యాంటీబయాటిక్ కొనుక్కోవచ్చా?

కొనకండి. షాపువాళ్లూ ఇవ్వకూడదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న, కొన్ని యాంటీబయాటిక్స్ కూడా చేరిన హెచ్-1 షెడ్యూల్‌లోని మందులకు డాక్టరు చీటీ ఉండాలి, అమ్మినది రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. బిల్లు అడగండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. చీటీ అర్థంకాని గీతల్లా ఉంటే స్పష్టంగా, జెనరిక్ పేరుతో రాయమని అడగొచ్చు. వైద్యుల ప్రవర్తనా నియమావళి అలాగే రాయమంటుంది. ‘మా షాపులోనే కొనాలి’ అనే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు.

అమ్మవారు పోసింది. ఆస్పత్రికి తీసుకెళ్లకూడదంటారు పెద్దలు.

వేపాకు పెట్టండి, పసుపునీళ్లు చల్లండి, ఎవరికీ నష్టం లేదు. పొంగు పోసిన బిడ్డకు మాత్రం రెండు రోజులు వరసగా విటమిన్ ఏ డోసు పడాలి. కంటిచూపునీ ప్రాణాన్నీ కాపాడేది అదే. పొంగు తగ్గాక వచ్చే న్యుమోనియానే చంపుతుంది. అందుకని పత్యం పేరుతో కడుపు మాడ్చకండి.

పచ్చకామెర్లకి, కడుపుబ్బరానికి వాతలు పెట్టించడం మాత్రం ఏ నమ్మకం కిందా రాదు. బిడ్డను అనవసరంగా హింసించడం బాలల న్యాయ చట్టం 2015, 75వ సెక్షన్ ప్రకారం నేరం. పెట్టినవాడే కాదు, పెట్టించినవాళ్లూ చిక్కుల్లో పడొచ్చు. పుట్టిన మొదటి రోజే బిడ్డ పచ్చబడినా, అరికాళ్ల దాకా పచ్చదనం పాకినా అది ఎండలో పెట్టి ఊరుకునే విషయం కాదు. చెవిలో నూనె, ముక్కులో ఆముదం, బొడ్డు మీద పేడ గానీ పసరు గానీ వద్దు. కాటుక మాత్రం నుదుటి పక్కనో, అరికాల్లోనో పెట్టుకుంటే నేనేమీ అనను.

పాలు చాలడం లేదని డబ్బా పాలు రాశారు. ఉచితంగా డబ్బా ఇస్తే తీసుకోవచ్చా?

ఉచితంగా ఇవ్వడమే నేరం. 1992 నాటి చట్టం, 2003 సవరణతో కలిపి, రెండేళ్ల లోపు పిల్లల పాలడబ్బాలకు, పాలసీసాలకు, బేబీ ఫుడ్‌కు ప్రకటనలు, శాంపిళ్లు, కానుకలు నిషేధించింది. డబ్బా మీద చంటిబిడ్డ బొమ్మ కూడా ఉండకూడదు. బిడ్డ రోజుకు ఆరుసార్లు ఉచ్చపోసి, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే.

కుక్క కరిచింది. పసరు కట్టాం, చాలదా?

చాలదు. పసరు కడిగేయండి. పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగండి. కారం, సున్నం, కాఫీపొడి వద్దు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, ఉచితం. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ రేబిస్ సీరం కూడా వేయాలి. పేరు పెట్టి అడగండి, లేకపోతే పెద్దాస్పత్రికి పంపమనండి. పెంపుడు కుక్క అయినా, కుక్కపిల్ల అయినా ఇంతే. రేబిస్ బయటపడ్డాక మందు లేదు.

బడిలో మాత్రలు వేస్తున్నారు, రక్తం తీస్తున్నారు. మమ్మల్ని అడగాలి కదా?

ముందుగా చెప్పాలి. వద్దనుకుంటే చీటీ రాసి పంపొచ్చు. కానీ వద్దనడానికి కారణం తక్కువే. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న ఇచ్చేది నులిపురుగుల మాత్ర. ఏడాది నుంచి రెండేళ్ల లోపువాళ్లకు సగం, ఆపైన మొత్తం, నమిలి మింగాలి. వారానికోసారి ఇచ్చే గులాబీ, నీలం మాత్రలు ఐరన్‌వి. వాటితో దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడక్కర్లేదు. కొండవార గ్రామాల్లో తీసే రక్తం సికిల్‌సెల్ పరీక్షకి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ల లోపువాళ్లకు చేస్తున్నారు. ఫలితం మీ చేతికివ్వమని అడగండి. జబ్బు తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అది వైకల్యాల జాబితాలో ఉంది, ఆ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

అడ్వాన్సు కడితేనే చేర్చుకుంటామన్నారు. ఏం చేయాలి?

ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ముందు వైద్యం, తర్వాతే లెక్కలు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా అత్యవసర వైద్యం నిరాకరించకూడదని 1989లో పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ సదుపాయం లేకపోతే బిడ్డను నిలకడకు తెచ్చి, రాతపూర్వకంగా రిఫర్ చేసి పంపాలి.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఏడాది లోపు జబ్బుపడ్డ బిడ్డకు జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను రవాణా అన్నీ ఉచితం. నర్సీపట్నం నుంచి అనకాపల్లికో, విశాఖ కేజీహెచ్‌కో రిఫర్ చేసినా ఆ రవాణా వర్తిస్తుంది. ప్రైవేటుకి వెళ్తే ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్‌లో ఉందా అని 104కి ఫోన్ చేసి కనుక్కోండి. లోపల వైద్యమిత్ర డెస్క్ ఉంటుంది. పథకంలో ఉన్న చికిత్సకు మళ్లీ మీ దగ్గర డబ్బు అడగకూడదు.

డాక్టరు వద్దన్నా ఇంటికి తీసుకెళ్తామంటే ఆపగలరా?

సాధారణంగా ఆపలేరు. వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని సంతకం తీసుకుంటారు. ఆ సంతకం పెట్టారని కాగితాలు, రిపోర్టులు ఇవ్వకుండా ఉండటానికి లేదు. బిల్లు కట్టలేదని బిడ్డను పట్టి ఉంచడానికీ లేదు. అయితే వెళ్తే ప్రాణం పోతుందని తెలిసిన కేసులో డాక్టర్లు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయొచ్చు. ఎందుకంటే బిడ్డ తరఫున నిర్ణయించే అధికారం మీకు బిడ్డ మేలు కోసమే ఇచ్చారు.

డబ్బు అయిపోయిందనో, ఇంటి దగ్గర మరో బిడ్డ ఉందనో బయల్దేరుతుంటే ఆ మాటే డాక్టరుతో చెప్పండి. చాలామంది సిగ్గుపడి ‘బాగానే ఉంది కదా’ అంటారు. అసలు కారణం తెలిస్తే ప్రభుత్వాస్పత్రికి అంబులెన్సులో పంపడమో, సూది మందును నోటి మందుగా మార్చి త్వరగా పంపడమో ఏదో ఒకటి చేయొచ్చు.

రికార్డులు ఇవ్వనంటున్నారు. ఎవరికి చెప్పాలి?

రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇది 2002 నాటి వైద్య మండలి నియమం. అడిగిన కాగితం నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. డాక్టరు ప్రవర్తన మీద ఫిర్యాదైతే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కి, ఆస్పత్రి రిజిస్ట్రేషన్, సదుపాయాల మీదైతే అనకాపల్లిలో జిల్లా వైద్యాధికారికి. డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో లోపమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, జరిగిన రెండేళ్లలోపు వేయాలి. పూర్తి ఉచితంగా చేసిన వైద్యం ఆ కమిషన్ పరిధిలోకి రాదు. ఏ ఫిర్యాదుకైనా ముందు అడిగేవి చీటీ, బిల్లు, డిశ్చార్జి కాగితం. వాటన్నిటినీ టీకా కార్డుతో కలిపి ఒకే కవరులో పెట్టుకోండి.